దుర్గమ్మకి సారె, చెల్లెలికి చెరుకురసం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన రాశారు. వయసు 36. మిర్చి యార్డులో నాన్నగారి కమీషన్ కొట్టు చూసుకుంటారు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ‘మన కుటుంబాల పద్ధతే మనిషిని ఎదగనివ్వదండీ. ఇప్పటికీ నాన్న ఎదుట నాకు నోరు పెగలదు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 3 రోజుల వ్యక్తిత్వ వికాస శిక్షణ ఉంది, 18 వేలు, అడ్వాన్సుగా 2 వేలు కట్టాను. చేరమంటారా, లేక వేరు కాపురం పెడితే బాగుపడతానా?’ ఇదీ ప్రశ్న.

శిక్షణ వద్దు. వేరు కాపురం సంగతి మీ ఆవిడా మీరూ కూర్చుని తేల్చుకోండి, మధ్యలో నేనెందుకు? మీరు అడగని దాని గురించే నేను రాయాలి.

మీది ఆరు పేజీల ఉత్తరం. నాలుగు పేజీలు నాన్నగారి మీద, ఒకటిన్నర పేజీ అమెరికా వెళ్లి ఎవరికీ భయపడకుండా బతుకుతున్న మీ క్లాస్‌మేట్ల మీద. చెల్లెలు వచ్చింది రెండే రెండు చోట్ల. ఒకచోట, మూడేళ్ల కిందట తాతగారి ఎకరంన్నర మీ పేరు మీదికి మార్చినప్పుడు ‘చెల్లి తెనాలి నుంచి వచ్చి సంతకాలు పెట్టి వెళ్లింది, పాపం ఏమీ అనలేదు’ అన్నారు. ఇంకోచోట ‘రెండేళ్లుగా సంక్రాంతికి రావడం లేదు, బాబుకి పరీక్షలంటుంది’ అన్నారు. సంక్రాంతి సెలవుల్లో పరీక్షలు పెట్టే స్కూలు తెనాలిలో ఎక్కడుందో కనుక్కోండి ముందు.

ఆ ‘పాపం’ దగ్గర నేను ఆగిపోయాను. అది ఆమె మీద జాలి అనుకుని రాసినట్టున్నారు, నాకు మాత్రం మీరే గుమ్మంలో నిలబడి లోపలికి రాలేక అన్న మాటలా వినిపించింది. రిజిస్ట్రార్ ఆఫీసులో బల్ల మీద కాగితాలు పెట్టుకుని, బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఎక్కడ పెట్టాలన్నయ్యా’ అని అడిగిందనీ, మీరు ఒక్కో పేజీలో వేలు పెట్టి చూపించారనీ, తర్వాత బయట వాళ్లిద్దరికీ చెరుకురసం తాగించి బస్సెక్కించారనీ రాశారు. ఎకరం ఖరీదెంతో ఉత్తరంలో లేదు, చెరుకురసం మాత్రం ఉంది. మూడేళ్లయినా అది మీ గొంతు దిగలేదు, అందుకే నాన్నగారి ఎదుట ఆ గొంతు పెగలడం లేదని నా అనుమానం.

ఎందుకంటే మీకు మాట్లాడటం రాకపోవడమేమీ లేదు. తేజా రకం మిర్చికి క్వింటాకు వంద తక్కువ పలికితే రైతు పక్షాన వ్యాపారితో అరగంట వాదించి ధర ఎక్కించానని మీరే గొప్పగా రాసుకున్నారు. మిర్చి బస్తాల మధ్య అంత గట్టిగా నిలబడే మనిషికి మూడు రోజుల్లో ఎవరేం నేర్పుతారు? పరాయి రైతుకి న్యాయం అడగడానికి లేచే గొంతు, ఇంటి ఆడపిల్లకి అడగాల్సి వచ్చేసరికి మూగబోయింది. అడగాల్సిన రోజున అడగలేదు. అప్పటినుంచి నాన్నగారితో ఏ మాట ఎత్తినా దాని అడుగున ఈ మాట ఉంటుంది, అదెక్కడ బయటపడుతుందోనని అసలు నోరే కట్టేసుకున్నారు. ఆయన కోపిష్టే కావచ్చు, నేను కాదనను.

‘పెళ్లికి 10 లక్షలు పెట్టాం కదా అని నాన్న అన్నారు’ అన్నారు. కట్నం 1961 నుంచీ నేరం. ఆ నేరాన్ని చూపించి వాటా చెల్లయిపోయిందని రాసుకునే ఇళ్లు మన వైపు కొల్లలు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మీకంటే నాలుగేళ్లు చిన్నదన్నారు కదా, లెక్కేసుకోండి, ఆమె పుట్టకముందే ఆమె వాటా పుట్టింది. సంతకం పెట్టింది కాబట్టి కాగితం చెల్లుతుందంటారేమో. చెల్లితే చెల్లనివ్వండి, అది ప్లీడరు చూసుకుంటాడు.

ఇక మన సంస్కృతి మనిషిని ఎదగనివ్వదన్న మాట. అదే ఉత్తరంలో, ఈ ఆషాఢంలో అమ్మా మీ ఆవిడా ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకి సారె ఇచ్చొచ్చారని రాశారు. చీర, గాజులు, పసుపు కుంకుమ, తొమ్మిది రకాల స్వీట్లు. అమ్మవారిని మనింటి ఆడపడుచనుకునే కదండీ ఆ తట్టలన్నీ మోసుకుని కొండెక్కేది! తెనాలిలో ఉన్న ఆడపడుచుకి సారె వెళ్లి ఎన్నాళ్లయింది? పెద్దలకి ఎదురు చెప్పకూడదన్నది మన పద్ధతే, ఆడపిల్ల కళ్లనీళ్లు ఇంటికి మంచిది కాదన్నదీ మన పద్ధతే. మొదటిది మీకు సుఖంగా ఉంది, పట్టుకున్నారు. నేనూ ఇద్దరన్నల చెల్లెల్ని, పక్షపాతంతో రాస్తున్నానంటే ఒప్పుకుంటాను.

‘ఆ విషయం ఇంక ఎత్తకు’ అని మీ ఆవిడ అంటోందట. ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఆవిడ భయం ఆవిడది, తప్పుపట్టకండి. కానీ ఆవిడకి తెలియకుండా ఏదీ చేయకండి. రేపు తెనాలి వెళ్తున్నాను, ఇందుకు వెళ్తున్నాను అని చెప్పి వెళ్లండి. నాన్నగారికి వచ్చాక చెప్పొచ్చు.

ఆదివారం వద్దు, బావగారు ఇంట్లో ఉంటారు. యార్డుకి సెలవున్న మామూలు రోజు చూసుకుని బస్సెక్కండి, గంట ప్రయాణం. డబ్బు కవరు తీసుకెళ్లకండి, అది చూడగానే ఆమె తలుపు వేసుకున్నంత పని చేస్తుంది. క్షమించమని కాళ్ల మీద పడితే ఆమె మిమ్మల్నే ఓదార్చాల్సి వస్తుంది, అదీ వద్దు. ‘ఆ రోజు నీకేమనిపించిందమ్మా’ అని అడిగి ఊరుకోండి. ‘ఏముందన్నయ్యా, అయిపోయిందిగా’ అంటుంది, మొదటిసారి అందరూ అదే అంటారు. కాఫీ ఇస్తే తాగండి, బాబు స్కూలు నుంచి వచ్చేదాకా కూర్చోండి. భూమి సంగతి ఆ తర్వాత మీరే ఎత్తాలి, సగం తిరిగి రాస్తానని సూటిగా చెప్పాలి. వద్దంటే, రెండోసారి వెళ్లి మళ్లీ చెప్పాలి.

నాన్నగారితో మాట్లాడటం ఎలా అన్నది అప్పుడు రాయండి, చెబుతాను. శిక్షణకి కట్టిన ఆ 2 వేలు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వరు, వదిలేయండి.