సిద్ధూల పుట్టుక గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

పంజాబ్ రైతు కులమైన జాట్లలో సిద్ధూ-బ్రార్ గోత్రం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. పేచీ అంతా మొదటి పేజీతోనే. "సిద్ధూలు జైసల్మేర్ భట్టి రాజపుత్రుల సంతతి" అని తీర్పు చెప్పేసి ముందుకెళ్లిపోయావు. ఆ కథ నాకూ ఇష్టమే. 1156లో జైసల్మేర్ కట్టించాడనే రావల్ జైసల్ వంశంలో ఖీవా అనేవాడు జాట్ పిల్లను పెళ్లాడాడట, కొడుకు సిద్ధూ తల్లి కులంలో కలిసిపోయాడట. దాన్ని తీసెయ్యకు. ఎవరికి ఎప్పుడు అవసరపడిందో కూడా రాయి.

ఆ సిద్ధూ వంశంలో తర్వాతి కాలపువాడు ఫూల్. అతని కొడుకుల్లో తిలోకా సంతతి నాభా, జింద్ సంస్థానాలు ఏలింది. ఇంకో కొడుకు రామాకు పుట్టిన ఆలా సింగ్ పటియాలా నిలబెట్టాడు. 1765లో అహ్మద్ షా అబ్దాలీ అతనికి రాజా బిరుదిచ్చాడు. నాగలి పట్టిన వంశం గద్దెనెక్కాక రాజపుత్ర సంస్థానాల సరసన కూర్చోవడానికి పాత వంశవృక్షం ఎంత పనికొస్తుందో ఆలోచించు. పటియాలా మహారాజుల బిరుదుల్లో 'భట్టికుల భూషణ్' ఊరికే చేరలేదు. 1870లో బ్రిటిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్ పంజాబ్ రాజుల చరిత్ర అచ్చువేశాక ఆ వంశావళి ఎత్తిరాయడానికి అందరికీ చేతికందింది. నువ్వూ ఎత్తిరాశావు. కథ అబద్ధమని నేననను. ఫూల్ కంటే వెనక్కి పోయేకొద్దీ ఆధారం పలచబడుతుంది, ఆ సంగతి చదివేవాడికి తెలియాలి.

మిరాసీలు, అంటే వంశగాయకులు, వంశం పాడతారు, కానీ వాళ్లు పాడేది పోషించేవాడి ఎదుట. హరిద్వార్ పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే ఖాతా పుస్తకాల్లో, పేర్లుంటాయి, యాత్రకు వచ్చినవాళ్లవి మాత్రమే. నేనైతే పట్వారీ (ఊరి భూమి లెక్కల ఉద్యోగి) దగ్గరుండే షజ్రా నసబ్‌తో, అంటే భూమి హక్కుదారుల వంశవృక్షంతో, మొదలుపెడతాను. అందులో ప్రతి పేరు వెనకా పొలం ఉంటుంది, పొలం వెనక తగాదా ఉంటుంది. అలాంటి చోట గొప్పలు అంత తేలిగ్గా చెల్లవు. ఊళ్లో పట్టీలు (ఊరి భాగాలు) ఏ తాత పేరు మీదున్నాయో కూడా అడుగు.

వ్యాప్తి గురించి రాసిన భాగంలో జిల్లాల జాబితా తప్ప ఏమీ లేదు. బఠిండా, ఫరీద్‌కోట్, ముక్తసర్, మోగా: సరే, ఎందుకక్కడ? సట్లెజ్‌కు దక్షిణాన ఉన్న ఆ మాల్వా మెట్టనేలకు 1882లో సర్‌హింద్ కాలువ వచ్చింది. 1927లో గంగ్ కాలువ తెరిచాక బికనీర్ రాజు పంజాబ్ రైతుల్ని పిలిచి శ్రీగంగానగర్ ప్రాంతంలో భూములిచ్చాడు. ఆ తర్వాత 1947 దేశ విభజన, ఆపైన కెనడా వలస. నీళ్ల దారి పట్టుకుంటే మనుషుల దారి దొరుకుతుంది.

ఇంకో మాట. మన తెలుగు పాఠకుడికి మేనరికం మామూలు విషయం. జాట్లలో సంప్రదాయం ప్రకారం తండ్రి గోత్రంలోనే కాదు, తల్లి గోత్రంలోనూ పిల్లను చేసుకోరు. మేనమామ కూతురు వాళ్లకు చెల్లెలు. ఇది వివరించకపోతే ఒక్కో గోత్రం ఎన్ని ఊళ్లతో వియ్యమందుతుందో మనవాళ్లకు అంతుపట్టదు. పాఠకుణ్ణి లోపలికి లాగాలంటే 2021లో బాహాటంగా కొట్టుకున్న పటియాలా రాజవంశీకుడు, అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి కెప్టెన్ అమరీందర్, క్రికెట్ నుంచి రాజకీయాల్లోకి వచ్చిన నవజ్యోత్ సిద్ధూ ఇద్దరిదీ ఈ గోత్రమేనని చెప్పు. ఎవరైనా నవ్వుతారు!

బఠిండా జిల్లా మెహ్‌రాజ్ వెళ్లు, అమరీందర్ పూర్వీకుల ఊరు అదే. ముందు పట్వారీని కలిసి, ఆ తర్వాతే కథలు చెప్పే పెద్దల దగ్గర కూర్చో. తిరిగొచ్చాక రెండో భాగం పంపు. మొదటిది అప్పటిదాకా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు