మాదకద్రవ్యాల కేసులో అరెస్టయిన ప్రతిపక్ష నేతను రాజకీయ ఖైదీ అనవచ్చా?

అవినీతి, మాదకద్రవ్యాల వంటి మామూలు నేరాల కింద జైలుకు వెళ్లిన ప్రతిపక్ష నేతలను రాజకీయ ఖైదీలని ఎలా నిర్ధారించుకోవాలని మీరు అడిగారు. ఇటువంటి ఖైదీల విడుదల కోరుతూ ప్రభుత్వాలకు లేఖలు రాసే బృందంలో నేను చాలాకాలంగా ఉన్నాను. నా అనుభవంలో అభియోగం పేరు చూస్తే ఏమీ తేలదు. ఆ నాయకుడు ఏం చేశాక కేసు పుట్టింది, విచారణ ఎలా సాగింది అన్నవే చూడాలి.

నేను ఎక్కువగా లేఖలు రాసింది ఫిలిప్పీన్స్ మాజీ సెనేటర్ లైలా డి లిమా కోసం. మానవ హక్కుల కమిషన్ అధ్యక్షురాలిగా ఆమె 2009లో దవావో నగరంలోని హంతక ముఠాలపై విచారణ జరిపారు. అప్పటి నగర మేయర్ రొడ్రిగో డుటెర్టే 2016లో దేశాధ్యక్షుడయ్యాక, మాదకద్రవ్యాలపై యుద్ధం పేరిట సాగిన హత్యల మీద ఆగస్టులో ఆమె సెనేట్ కమిటీ విచారణ మొదలుపెట్టారు. సెప్టెంబరులో ఆమెను కమిటీ అధ్యక్ష పదవి నుంచి తొలగించారు. 2017 ఫిబ్రవరి 24న మాదకద్రవ్యాల కేసులోనే ఆమెను అరెస్టు చేశారు. ఈ తేదీలను ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాక నా సందేహం చాలావరకు తీరింది.

మిగిలిన సందేహాన్ని సాక్ష్యమే తీర్చింది. కేసు ప్రధానంగా నిలబడింది శిక్ష అనుభవిస్తున్న ఖైదీల వాంగ్మూలాల మీద; తన చేత బలవంతంగా అబద్ధం చెప్పించారని జైళ్ల శాఖ మాజీ అధికారి ఒకరు 2022లో మాట మార్చారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: పాలకులకు కేసు గెలవడంతో పని లేదు, బెయిలు సులభంగా దొరకని సెక్షన్ ఒకటి చాలు. 2023 నవంబరులో బెయిలు వచ్చి, 2024 జూన్‌లో చివరి కేసు కొట్టివేసేసరికి ఆమె జీవితంలో దాదాపు ఏడేళ్లు నిర్బంధంలోనే గడిచిపోయాయి. ఫోను, కంప్యూటరు లేని ఆ గదిలో ఆమె తన ప్రకటనలను చేతితోనే రాసి బయటికి పంపేవారు. ఆ దస్తూరీ ప్రతులు చూసినప్పుడల్లా నాకు మళ్లీ రాయాలనిపించేది.

రష్యాలో ప్రతిపక్ష నేత వ్లాదిమిర్ కారా-ముర్జా వంటివారి విషయంలో ఇంత వెతుకులాట అక్కరలేదు. ప్రభుత్వాన్ని విమర్శించిన, ఉక్రెయిన్ యుద్ధాన్ని ఖండించిన ప్రసంగాలనే దేశద్రోహం తదితర నేరాలుగా లెక్కకట్టి 2023లో 25 ఏళ్ల శిక్ష వేశారు.

ప్రతిపక్షంలో ఉన్నంత మాత్రాన జైలుకెళ్లిన ప్రతివారూ నిర్దోషులని నేను అనను. అందుకే సంతకం పెట్టేముందు ఐక్యరాజ్యసమితి నిరంకుశ నిర్బంధాల కార్యబృందం ఆ కేసుపై అభిప్రాయం వెలువరించిందేమో చూస్తాను. డి లిమా నిర్బంధం నిరంకుశమని ఆ బృందం 2018లోనే తేల్చింది. మీరు న్యాయశాఖ మంత్రికి రాసేటప్పుడు అరెస్టు తేదీ, కోర్టు పేరు, మీరు కోరేదేమిటో స్పష్టంగా పేర్కొనండి. ఖైదీకి రాసే ఉత్తరంలో మాత్రం కేసు ప్రస్తావన తేవద్దు, ఎందుకంటే దాన్ని ముందుగా చదివేది జైలు అధికారులు.