పరుగు బంద్ అయిన గుర్రానికి ఏ పని పెట్టాలె?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. హైదరాబాద్ రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ ఆడగుర్రాన్ని కొని జంపింగ్ నేర్పిచ్చినం, ఇప్పుడు దానికి 11 ఏండ్లు. ముందర కుడికాలు టెండన్ (కండని ఎముకకి కట్టే పట్టె) దెబ్బతిన్నది. ఏడాది పైన రెస్ట్ ఇచ్చినంక డాక్టర్ సాబ్ స్కాన్ చేసి, మానింది గానీ జంపింగ్, దౌడు రెండూ ఇగ బంద్ అన్నడు. ఎనక కాళ్ళ హాక్ జాయింట్లు (నడిమి కీళ్ళు) అరుగుడు కూడా మొదలైందంట. నాకు ఎండ్యూరెన్స్ (దూరాల సవారీ పోటీ) మీద మనసుంది, చెల్లె డ్రెసాజ్ (గ్రౌండ్ల చెప్పినట్టు అడుగులేయిచ్చే ఆట) అంటది, మామయ్యేమో పెండ్లి బరాత్‌లకి తిప్పితే దాణా ఖర్చన్నా ఎల్తది, లేకుంటే మాళేగావ్ ఖండోబా జాతరల అమ్మెయ్ అంటుండు. నా బరువు 78 కిలోలు, చెల్లెది 52. ఏం చేద్దాం?

జవాబు: తమ్ముడూ, ముందు మీ మామయ్య మాట పక్కన పెడదాం. బరాత్ అంటే మెల్లగ నడుసుడే కదా అనిపిస్తది. కానీ ఆ నడక డాంబర్ రోడ్డు మీద, డీజే పక్కన, గంటలకొద్దీ నిలబెట్టి, మధ్యమధ్య గంతులేయిచ్చి, ఫొటో కోసం ముందర కాళ్ళు పైకి లేపిచ్చి. లేపినప్పుడు బరువంతా అరిగిన హాక్ మీద పడతది, దించినప్పుడు ఆ దెబ్బ ముందర టెండన్‌కి తగుల్తది, అంటే ఉన్న రెండు నొప్పులూ ఒక్క పనిలనే రేగుతయి. జాతరల అమ్మినా కొన్నోడు బరాత్‌కి పెట్టడని గ్యారంటీ ఏముంది, మీ ఇష్టం గానీ అమ్మితే కాలు సంగతి దాచకుండ చెప్పి అమ్ముండ్రి.

ఎండ్యూరెన్స్ మీద మీ మనసు నాకు అర్థమైంది, గోదావరి పక్కన తెల్లారుగట్ల పోతుంటే ఎవ్వరికైనా బాగుంటది. గానీ అది వాకింగ్ కాదు, పోటీ. ఇంటర్నేషనల్ రేసులు 160 కిలోమీటర్ల దాకా ఉంటయి, మధ్యల వెట్ గేట్ (డాక్టర్ చెకింగ్ చేసే చోటు) దగ్గర గుండె కొట్టుకునుడు నిమిషానికి 64కి దిగాలె, కుంటితే అక్కడ్నే ఎలిమినేట్. మన దగ్గర చిన్న దూరాలు ఉన్నా గంటలకొద్దీ ట్రాట్ (దుడుకు నడక), క్యాంటర్ (మెల్లటి దౌడు) తప్పదు. మానిన టెండన్ తెగినంక ముడేసిన తాడు లాంటిది, పని చేస్తది గానీ మునుపటంత సాగదు, ఒక్క పెద్ద దెబ్బ అక్కర్లేదు, అలసిపోయిన కాలు వేల అడుగులు వేసుడే చాలు మళ్ళ చిట్లనీకి. అందుకే ఎండ్యూరెన్స్ వద్దు, ఆ దారుల్లోనే తీరుబాటుగ నడకలో పొండ్రి, గడియారం ఇంట్ల పెట్టి.

మరి డ్రెసాజా అంటే, నేను మీ చెల్లె పార్టీ. 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌ల మనోళ్ళకి టీమ్ గోల్డ్ వచ్చింది ఇందులోనే, ఈక్వెస్ట్రియన్‌ల 41 ఏండ్ల తర్వాత వచ్చిన గోల్డ్. కానీ టీవీల చూసిన ఆ పెద్ద లెవెల్ కూడా మీ గుర్రానికి కాదు. అక్కడ కలెక్షన్ అని బరువు ఎనక కాళ్ళ మీదికి తెస్తరు, హాక్ అరిగిన దానికి అదే కష్టం. మీకు కావల్సింది కింది లెవెల్, 20 బై 40 మీటర్ల గ్రౌండ్ల నడక, ట్రాట్, 20 మీటర్ల పెద్ద సర్కిళ్ళు, తిన్నటి గీతలు, సాఫీగ ఆగుడు. 10 మీటర్ల చిన్న సర్కిళ్ళు వద్దు, లాంజ్ తాడు కట్టి గుండ్రంగ తిప్పుడు అసలే వద్దు, దాని బదులు ఎనక నడుసుకుంట లాంగ్ రెయిన్స్‌తోని (పొడుగు పగ్గాలు) పని చేపియ్యొచ్చు, బరువే ఉండదు. హాక్ అరుగుడుకి పూర్తిగ కట్టేసుడు కన్నా రోజూ మెత్తగ కదలుడే మంచిది. ఎక్కంగనే ట్రాట్ వద్దు, 15-20 నిమిషాలు నడకతోని వేడెక్కనియ్యండ్రి.

గ్రౌండ్ సంగతి మాత్రం ఏ ఆట అన్నదాని కన్నా పెద్దది, ఇది ఎవ్వరూ పట్టించుకోరు. మీ దిక్కు నల్లరేగడి ఎండాకాలం రాయి అయితది, పర్రెలు ఇడుస్తది, వానకాలం గిట్టని పట్టి గుంజుతది, రెండు టైములూ టెండన్‌కి మంచిది కాదు. మరి గోదావరి ఒడ్డుకి పోదామంటే లోతైన పొడి ఇసుకల అడుగు దిగబడతది, మెత్తగుంది కదా అనుకోవద్దు, అది ఇంకా డేంజర్. నీళ్ళంచున గట్టిపడ్డ తడి ఇసుక, లేకుంటే నాగలి పట్టని గడ్డి నేల చూసుకోండ్రి.

బరువు లెక్క: సవారీ, జీను కలిపి గుర్రం బరువుల 20 శాతం దాటొద్దంటరు. థరోబ్రెడ్ 450 కిలోలు అనుకుంటే 90, నువ్వు జీనుతోని కలిసి దాదాపు అంతే ఉంటవు, మానిన కాలుకి నాకైతే అది ఎక్కువ. ట్రాట్ పని చెల్లెకి ఇయ్యి, నువ్వు లాంగ్ రెయిన్స్ పట్టు, కోపం తెచ్చుకోకు. నాల్బంద్‌ని (లాడాలు కొట్టేటోడు) ఆరు వారాలకి ఒకసారి పిలువుండ్రి, గిట్ట ముందర పొడుగు పెరిగితే అడుగు ఎత్తేటప్పుడు కాలంతా గుంజుకుంటది.

రోజూ పని తర్వాత, మళ్ళ తెల్లారి, రెండు ముందర కాళ్ళూ చేత్తో పట్టి పోల్చి చూడాలె, కుడిది వేడి గానీ ఉబ్బు గానీ ఉంటే ఆ రోజు పని లేదు. ట్రాట్‌ల తల ఊపుతుందా చూడుండ్రి, నొప్పున్న ముందర కాలు నేల మీద పడ్డప్పుడు తల పైకి లేస్తది. బ్యూట్ పౌడర్ (నొప్పి మందు) పెట్టి పని చేపియ్యొద్దు, నొప్పి కనపడకుంట పోతది, దెబ్బ పోదు, కడుపుల పుండ్లు కూడా పడతయి. ట్రాట్ నిమిషాలు పెంచే ముందు డాక్టర్ సాబ్‌తోని ఇంకోసారి స్కాన్ చేపియ్యండ్రి.

ప్రశ్న: మా పోనీకి కుడి కన్ను పోయింది. పిల్లలని ఎక్కిస్తం, టాంగాకి కూడా కట్టొచ్చా? (కిన్వట్)

జవాబు: పిల్లలు ఎక్కొచ్చు, చదునైన చోట, కుడి దిక్కు పోయే ముందు గొంతు వినిపియ్యాలె అంతే. రోడ్డు మీద టాంగా వద్దు, మన దగ్గర బండ్లు ఓవర్‌టేక్ చేసేది కుడి దిక్కు నుంచే, దానికి కనపడక బెదురుతది. చేను దారుల్ల ఖాళీ బండి కట్టి చూడొచ్చు. కన్ను ఎందుకు పోయిందో మాత్రం తెలుసుకోండ్రి, దెబ్బ తగిలి పోతే ఒకటి, మాటిమాటికి ఎర్రబడి నీళ్ళు కారి పోయిందంటే ఆ రోగం రెండో కంటికి కూడా రావొచ్చు, అది ముందు డాక్టర్‌కి చూపియ్యాలె.