ఆ గదికి ఇన్వర్టర్ ఉందేమో అడుగు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ పిండాల మీద పీహెచ్‌డీ చేయడానికి నువ్వు హైదరాబాద్ పోతున్నావని మీ బాపు రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

సీసాల మీద తేదీ రాయి. రవ్వ, బెల్లం మేత పలచన కానీయకు. పొదగని గుడ్లు పారెయ్యకు. నుస్లైన్ ఫోల్‌హార్డ్, వీషాస్ అనే శాస్త్రవేత్తలు 1980లో రాసిన పేపరంతా అట్లా చచ్చిన పిల్లపురుగుల చర్మం చూసి రాసిందే. 1995లో వాళ్లకు నోబెల్ వచ్చింది. క్రుప్పెల్ జీన్ చెడితే పురుగు ఒంటి నడుమ ఖండాలు వరుసగా పోతాయి. ఫుషి తరజు జీన్ చెడితే ఒకటి విడిచి ఒకటి పోతాయి. బైకాయిడ్ జీన్ సంగతి వేరు. లోపం తల్లి జీన్‌లో, తల లేకుండా పోయేది పిల్లకు. అది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు నా సంగతి విను. ఎంఫిల్ చేసేటప్పుడు ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం దాకా గది ఉడికిపోయింది. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే, పిల్లపురుగుల పొట్ట కింద ఎనిమిది ముళ్ల పట్టీలుండాల్సిన చోట ఐదో ఆరో ఉన్నాయి, కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కొత్త మ్యుటేషన్, అంటే జీన్‌లో మార్పు, దొరికిందనుకున్నాను. ఎన్ని గుడ్లలో ఎన్ని చెడ్డాయో లెక్కపెట్టలేదు. గైడ్‌కు చెప్పాను, మీ తాతకు చెప్పాను. ఆయన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మూడు నెలలు ఆ ఈగల్ని సాకాను. 25 డిగ్రీల్లో పెడితే ఒక్క పిల్లకూ ఆ లోపం రాలేదు. గుడ్డు పెట్టిన మూడు గంటల ప్రాంతంలో ఖండాల జీన్లు చారలు దిద్దుకుంటాయి. అప్పుడు వేడి తగిలితే, జీన్ బాగున్నా చెడినట్టే కనపడుతుంది. దాన్నే ఫీనోకాపీ అంటారు. పరీక్షలో రాసినదాన్నే, కళ్లముందుంటే పోల్చుకోలేదు. తల్లిదండ్రులిద్దరిలో దాగిన మ్యుటేషనైతే నాలుగో వంతు గుడ్లే చెడాలి. ఆ రోజు లెక్కపెడితే అనుమానమైనా వచ్చేది.

మీ తాతకు చెప్పడానికి దీపావళి దాకా నోరు రాలేదు. "ఈగలు మంచిగున్నయా? మంచిగుంటే ఇంకేం బిడ్డా" అన్నాడు.

నీకూ నాలాగే తొందర. ఇంటర్‌లో లెక్క సగంలో ఉండగానే జవాబు రాసేదానివి, ఎన్ని మొట్టికాయలు వేశానో! వింత పిండం కనపడితే ముందు ఇంక్యుబేటర్ డిగ్రీలు చూడు, గుడ్లు లెక్కపెట్టు, మళ్లీ సంకరం చెయ్యి. ఆ తర్వాతే ఎవరికైనా చెప్పు. నాకు మాత్రం ముందే చెప్పొచ్చు.

వేళకు తిను. ఆ గదికి ఇన్వర్టర్ ఉందో లేదో చేరిన రోజే అడిగి నాకు ఫోన్ చెయ్యి.

నీ మేనత్త