డేటాబేస్‌లోని సొంత టైపులు, ప్రోగ్రాములోని ఆబ్జెక్టులు

ప్రశ్న: మా అప్లికేషన్ జావాలో ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. వీధి, ఊరు, పోస్టల్ కోడ్ కలిపి చిరునామాకు ఒక కాంపోజిట్ టైపును, ఆర్డరు స్థితికి ఒక ఎనమ్‌ను (ముందే నిర్ణయించిన విలువలు మాత్రమే ఉండే టైపును) సృష్టించుకున్నాము. చదివేటప్పుడు చిరునామా మొత్తం ఒకే స్ట్రింగ్‌గా వస్తోంది. కామాల దగ్గర విడగొట్టి మా క్లాసులో నింపుకుంటున్నాము. వీధి పేరులోనే కామా ఉంటే అంతా తారుమారవుతోంది. స్థితిని రాయబోతే టైపులు కలవడం లేదని డేటాబేస్ తిరస్కరిస్తోంది. ఈ టైపులను వదిలేయమంటారా?

జవాబు: వదిలేయనవసరం లేదు. వదలవలసింది కామాల దగ్గర విడగొట్టే ఆ పద్ధతిని. పోస్ట్‌గ్రెస్ కాంపోజిట్ విలువను అక్షరరూపంలో ఇచ్చేటప్పుడు, కామా ఉన్న భాగాన్ని డబుల్ కోట్లలో పెడుతుంది, లోపలి కోట్‌ను రెండుసార్లు రాస్తుంది. రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే అది నల్ (అంటే విలువే లేదు), ఖాళీ కోట్లు ఉంటే అది ఖాళీ స్ట్రింగ్. ఇన్ని నియమాలను మీ కోడ్‌లో మళ్లీ రాయబోతే ఏదో ఒకటి తప్పిపోతుంది, నల్‌కూ ఖాళీ స్ట్రింగ్‌కూ ఉన్న తేడా అందులో మొదట పోయేది.

జావా ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ ప్రమాణంలో, డేటాబేస్ టైపును జావా ఆబ్జెక్ట్‌గా మార్చే పనికే ఎస్‌క్యూఎల్‌డేటా అనే ఇంటర్‌ఫేస్ ఉంది, ఒరాకిల్ డ్రైవర్‌తో (ప్రోగ్రామును ఆ డేటాబేస్‌తో కలిపే లైబ్రరీతో) అది పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ జావా డ్రైవర్ మాత్రం దానిని అమలు చేయలేదు; టైపు పేరు, విలువ స్ట్రింగ్‌గా ఉన్న పీజీఆబ్జెక్ట్‌ను మీ చేతికిస్తుంది. కాబట్టి విడదీసే పనిని డేటాబేస్‌కే అప్పగించడం మేలు. సెలెక్ట్‌లో కాలమ్ పేరును కుండలీకరణాలలో పెట్టి, చుక్క తర్వాత భాగం పేరు రాస్తే వీధి, ఊరు, కోడ్ మూడు మామూలు కాలమ్‌లుగా వస్తాయి. కుండలీకరణాలు లేకపోతే పోస్ట్‌గ్రెస్ ఆ పేరును టేబుల్ పేరుగా భావించి ఎర్రర్ ఇస్తుంది. రాసేటప్పుడు మూడు పారామీటర్లను రో అనే నిర్మాణంలో పెట్టి మీ టైపుకు కాస్ట్ చేయండి, అంటే ఆ టైపుగా మార్చమని క్వెరీలో రాయండి. ఈ రెండు పనులూ ఒకే క్లాసులో ఉండాలి, మిగిలిన కోడ్‌కు చిరునామా ఆబ్జెక్ట్ తప్ప మరేదీ తెలియకూడదు. రేపు టైపులో మరో భాగం చేరినప్పుడు మీరు తెరవవలసిన ఫైలు అదొక్కటే అవుతుంది.

టేబుళ్లను జావా ఆబ్జెక్టులతో జతచేసే హైబర్నేట్ లైబ్రరీని మీరు వాడుతూ ఉంటే, 6.2 వెర్షన్ నుంచి వచ్చిన స్ట్రక్ట్ అనోటేషన్ ఈ భారాన్ని తీసుకుంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం: మీ క్లాసు జావాలోని రికార్డు (భాగాల క్రమం ప్రకటనలోనే స్థిరంగా ఉండే క్లాసు) కాకపోతే, అట్రిబ్యూట్లు అక్షరక్రమంలో ఉన్నాయని అది అనుకుంటుంది. డేటాబేస్‌లోని క్రమం వేరైతే ఊరు ఉండవలసిన చోట వీధి చేరవచ్చు, రెండూ స్ట్రింగ్‌లే కనుక ఏ ఎర్రరూ రాదు. అందువల్ల అట్రిబ్యూట్ల క్రమాన్ని అనోటేషన్‌లో స్పష్టంగా రాయండి, లేదా రికార్డు వాడండి.

ఎనమ్ విషయం దీనికంటే తేలిక. సెట్‌స్ట్రింగ్‌తో పంపిన విలువను డ్రైవర్ వార్‌కార్‌గా (మామూలు అక్షరాల టైపుగా) ప్రకటిస్తుంది, పోస్ట్‌గ్రెస్ దానిని తనంతట తాను ఎనమ్‌గా మార్చదు. సెట్‌ఆబ్జెక్ట్‌కు టైప్స్ డాట్ అదర్ ఇవ్వండి, లేదా క్వెరీలోనే కాస్ట్ చేయండి. కనెక్షన్‌కు స్ట్రింగ్‌టైప్ ఈక్వల్స్ అన్‌స్పెసిఫైడ్ అని ఇచ్చినా పని జరుగుతుంది కానీ, అది అన్ని స్ట్రింగ్‌లకూ వర్తిస్తుంది కనుక నేను సిఫారసు చేయను.

ఎనమ్‌కు తర్వాత విలువను చేర్చవచ్చు, పేరు మార్చవచ్చు, తీసివేయడానికి మాత్రం నేరుగా ఆదేశం లేదు. స్థితుల జాబితా తరచు మారేదైతే విడిగా ఒక టేబుల్, దానిలో ఉన్న విలువలనే అనుమతించే ఫారిన్ కీ పెట్టుకోవడమే నయం. ఎనమ్‌నే ఉంచుకుంటే, కొత్త స్థితిని వాడే కోడ్ కంటే ముందు డేటాబేస్‌లో విలువ చేరి కమిట్ కావాలి. పోస్ట్‌గ్రెస్ 12వ వెర్షన్ నుంచి ట్రాన్సాక్షన్ లోపల చేర్చగలిగినా, కమిట్ అయ్యేదాకా ఆ విలువను వాడలేము. అప్పటికింకా నడుస్తున్న పాత కోడ్‌కు ఆ స్థితి ఎదురైతే, స్ట్రింగ్‌ను జావా ఎనమ్‌గా మార్చే వాల్యూఆఫ్ ఎక్సెప్షన్ విసురుతుంది కనుక, తెలియని స్థితిని ఏం చేయాలో ముందటి రిలీజ్‌లోనే రాసి పెట్టుకోండి.