చివరి అధ్యాయంలో నత్తి పోకూడదు

చిరంజీవికి,

నీ నవల రాతప్రతి మొత్తం చదివాను. పదహారేళ్ల అమ్మాయి, ఆమె నత్తి, అది వింటేనే విసుక్కునే నాన్న, చెల్లెలి బదులు అన్నీ తనే మాట్లాడేసే అక్క. మనుషులు బాగా కుదిరారు. కుదరనిది ముగింపే. ఆ పిల్ల స్టేజీ ఎక్కి ఎక్కడా తడబడకుండా మాట్లాడేస్తుంది, నాన్న కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అంటే నత్తి పోయాకే ఆమె ఇంట్లోవాళ్లకు నచ్చిందన్నమాట. నువ్వు చెప్పాలనుకున్నదానికి ఇది తలకిందులు కదా?

నాన్న తిట్లవల్లే నత్తి వచ్చిందని రాశావు. తీసెయ్. అది మామూలుగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. టెన్షన్ దాన్ని పెంచుతుంది గానీ పుట్టించదు. చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది. నీకు అసలు కథ ఇక్కడ దొరుకుతుంది. ఆ నాన్నకూ చిన్నప్పటినుంచీ నత్తి ఉండి, ఇన్నేళ్లూ దాచుకుంటూ వచ్చి ఉంటే? ఆయన విసుగుకు కారణం దొరికినట్టే. అయితే ఆ గుట్టును ఏడుపుల సీనులో విప్పకు. నత్తి దాచుకునేవాళ్లు కష్టమైన మాట రాబోతోందని ముందే పసిగట్టి, చటుక్కున వేరే మాట వేస్తారు. ఫోనులో 'బుధవారం' అనబోయి 'ఎల్లుండి' అంటాడాయన. కూతురు తలెత్తి చూస్తుంది. తను రోజూ చేసే పనే అది. అంతే చాలు.

పేరు దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. అందుకే నత్తి ఉన్న చాలామందికి సొంత పేరు చెప్పడమే గండం. నీ నవలలో ఆమె పేరు ఎప్పుడూ అక్కే చెబుతుంది. తెలిసి రాశావో, తెలియక రాశావో గానీ బంగారంలాంటి వివరం. ముగింపుకు దాన్నే వాడుకో. ఎవరో పేరు అడుగుతారు. అక్క నోరు తెరుస్తుంది. ఈ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతుంది. మొదటి అక్షరం దగ్గరే మాట బిగుసుకుపోతుంది, ఎదుటివాళ్లు ఇబ్బందిగా కదులుతారు, ఆమె చూపు దించదు. ఎంతసేపు పట్టినా పేరు పూర్తిచేస్తుంది.

అద్దం ముందు 'నాకు నేను నచ్చాను' అనే సీనూ కొట్టెయ్. అది ఆ పిల్ల గొంతు కాదు, నీది. నత్తి చూపించడానికి సంభాషణల నిండా చుక్కలు కూడా వద్దు, చదివేవాళ్లకు కళ్లు నొప్పి.

తిరగరాసి పంపు. అక్క గురించి ఇంకా మాట్లాడుకోవాలి. చెల్లెలు తన మాట తనే చెప్పుకోవడం మొదలెడితే, ఇన్నాళ్లూ ఆమె కోసం మాట్లాడిన అక్కకు ఏం మిగులుతుందో నువ్వు ఆలోచించినట్టు లేదు.

ఆశీస్సులతో.