పాట వాయించకుండా గంటలకొద్దీ ‘చక్‌చక్’మంటూ గిటార్... ఇది చదువేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటి నుంచే బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ముచ్చటపడ్డాడని ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చాం. పాటలు వాయిస్తాడనుకుంటే, రోజూ రెండు మూడు గంటలు ‘చక్‌చక్’మని ఒకటే గీకుడు. అడిగితే ‘ఫంక్ రిథమ్ స్ట్రమ్మింగ్ ప్రాక్టీస్’ అంటాడు. పోయిన సెమిస్టర్‌లో మ్యాథ్స్ పోయింది. గిటార్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు బీటెక్ మానేసి ముంబైలో ఏడాది మ్యూజిక్ డిప్లొమా గానీ, అమెరికాలో మ్యూజిక్ డిగ్రీ గానీ చేస్తానంటున్నాడు. డిప్లొమాకు అడ్వాన్సు కట్టమని ఫోన్లు వస్తున్నాయి. రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ బీరువా తాళం తీసి గిటార్ అబ్బాయి చేతికివ్వండి. డిగ్రీ, డిప్లొమాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

గిటార్ బదులు క్రికెట్ బ్యాట్, కెమెరా, డాన్సు అని రాసి ఇదే ప్రశ్న ఏళ్ల తరబడి నాకు పంపుతూనే ఉన్నారు. ‘ఏది మేలు’ అని అడుగుతారు గానీ లోపలి భయం వేరు. వీడు చేస్తున్నది అసలు పనేనా, రేపు వీడికి అన్నం పెడుతుందా అన్నదే ఆ భయం. ఇంట్లో నాలుగు సినిమా పాటలు వినబడి ఉంటే మీకు కొంత ధైర్యంగా ఉండేది. పాట వినబడలేదు కాబట్టి పిల్లాడు కాలం తగలేస్తున్నాడని మీరే తేల్చేసుకున్నారు. అందుకే ఆ చప్పుడేమిటో మొదట చెబుతాను.

ఫంక్ 1960లలో అమెరికాలోని నల్లజాతి సంగీతకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న సంగీతం. గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్స్, బేస్ గిటార్, బాకాలు, గిటార్ అన్నీ లయ కోసమే పనిచేసేవి. ఒకటో బీటు మీద అందరూ కలిసి బలంగా దిగేవారు. 1965లో ఆ బృందంలో చేరిన గిటారిస్టు జిమ్మీ నోలెన్ ఎడమచేతి వేళ్లను తీగలకు తేలిగ్గా ఆనించి, కుడిచేత్తో ఆపకుండా కొడుతూ, తనకు కావలసిన చోట మాత్రం వేళ్లు గట్టిగా నొక్కి కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగడం) పలికించేవాడు. ఆ వాయింపుకు ‘చికెన్ స్క్రాచ్’ అని పేరొచ్చింది. మీ అబ్బాయి కుస్తీ పడుతున్నది ఆ పద్ధతితోనే.

ఒక్కో బీటును నాలుగు భాగాలు చేస్తారు. మృదంగం పాఠంలో ‘తకదిమి’ చెప్పుకుంటారే, లెక్క అదే. నాలుగు బీట్లకు పదహారు కదలికలు. కుడి మణికట్టు కిందకీ పైకీ ఆడుతూనే ఉండాలి, తీగను తాకినా తాకకపోయినా ఆగకూడదు. ఆ పదహారింటిలో ఏ మూడు నాలుగు చోట్లో కార్డు పలుకుతుంది. మిగతావి ‘చక్’మనే మూగ దెబ్బలు, లేదంటే నిశ్శబ్దం. కార్డు పలికిన మరుక్షణం ఎడమచేతి ఒత్తిడి సడలించాలి, లేకపోతే ధ్వని సాగిపోయి లయ అంతా ముద్దయిపోతుంది. ఒక చెయ్యి ఆగకుండా కదలాలి, రెండో చెయ్యి క్షణం నొక్కి క్షణం వదలాలి. ఇది ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. లయ తప్పకుండా టిక్‌టిక్‌మని బీట్లు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టి నిలకడగా వాయించడం, 110 దగ్గర హడావిడిగా వాయించడం కన్నా కష్టం. నెమ్మదిగా ఉన్నప్పుడు బీటుకూ బీటుకూ మధ్య ఖాళీ ఎక్కువ, ఆ ఖాళీలో చెయ్యి తొందరపడుతుంది.

కాబట్టి మీరు విన్నది సాధనే. సరిగ్గా చేస్తున్నాడో లేదో తెలుసుకోవడానికి మీకు సంగీతం రానక్కర్లేదు. ఒకే కార్డు, ఒకే నమూనా, మెట్రోనోమ్‌తో అయిదు నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఇద్దరూ కూర్చుని వినండి. మూడో నిమిషానికి వేగం పెరిగిందా, కార్డు పలికే చోట్లు జారిపోయాయా అన్నది మీకూ వినబడుతుంది. అది కుదిరాక మెట్రోనోమ్ రెండో బీటుకూ నాలుగో బీటుకూ మాత్రమే మోగేలా పెట్టుకోమనండి. ముంజేయి బిగుసుకుపోయి నొప్పి వస్తోందంటే మాత్రం వెంటనే ఆపి, చెయ్యి వదులు చేసుకుని, వేగం తగ్గించాలి. నొప్పిని ఓర్చుకోవడం సాధన కిందికి రాదు, ఈ మాట అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఇక అన్నం సంగతి. రిథమ్ గిటార్‌తో ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పాలంటే అందరూ నైల్ రాడ్జర్స్ పేరే చెబుతారు. న్యూయార్క్‌కు చెందిన ఈయన షిక్ బృందంలో ఫంక్ స్ట్రమ్మింగ్‌తోనే పేరు తెచ్చుకున్నాడు. 1983లో గాయకుడు డేవిడ్ బోవీ ఆల్బమ్‌కూ, 1984లో గాయని మడోన్నా ఆల్బమ్‌కూ నిర్మాతగా పనిచేశాడు. మీ అబ్బాయి గోడ మీద ఈయన బొమ్మ ఉన్నా ఆశ్చర్యపోను. కానీ దానికి ముందు ఈయన హార్లెంలోని అపోలో థియేటర్ ఆస్థాన బృందంలో పనిచేశాడు. ఏ గాయకుడు వస్తే ఆ గాయకుడి వెనక నిలబడి వాయించడమే అక్కడ పని. మీ అబ్బాయి ఆయన నుంచి నేర్చుకోవలసింది ఆ భాగం.

అందుకే ఇప్పుడు మీ దగ్గరికి వచ్చిన రెండు దారుల మీదా నాకు అనుమానాలున్నాయి. అమెరికాలో పేరున్న మ్యూజిక్ కాలేజీలో ఫీజే ఏడాదికి నలభై వేల డాలర్లు దాటుతుంది. అంత అప్పు కావాలంటే బ్యాంకు మీ ఇంటి కాగితాలు అడుగుతుంది. ఎంఎస్‌కు వెళ్లిన బంధువుల పిల్లల్ని చూసి ఇదీ అలాగే తీరిపోతుందనుకోకండి. చదువయ్యాక అక్కడ పనిచేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి ఏడాది ఉంటుంది. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులవాళ్లకు ఆపైన దొరికే రెండేళ్ల పొడిగింపు వాద్య ప్రదర్శన డిగ్రీకి ఉండదు. ఒక్క ఏడాదిలో, తెలియని ఊళ్లో, కచేరీలు వాయించి ఆ అప్పు తీర్చాలి. నేనైతే ఏ మధ్యతరగతి ఇంటికీ ఈ సలహా ఇవ్వను.

ఏడాది డిప్లొమాల గురించి ఇంకా సూటిగా చెబుతాను. వాటిలో మంచి అధ్యాపకులు ఉన్నవీ ఉన్నాయి. కానీ చాలాచోట్ల అమ్ముతున్నది స్టూడియో ఫొటోలు. కంప్యూటర్‌లో కూర్చుని స్ట్రమ్మింగ్‌ను తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లు వచ్చేశాయి. మామూలు వాయింపుకు స్టూడియోవాళ్లు మనిషిని పిలవడం తగ్గింది. ఇప్పుడు పిలుపు వచ్చేది ఎదుటి డ్రమ్మర్‌ను విని, దానికి తగ్గట్టు అప్పటికప్పుడు వాయింపు మార్చుకోగల మనిషికి. అది తరగతి గదిలో కొంతే వస్తుంది, పదిమందితో కలిసి వాయిస్తేనే మిగతాది వస్తుంది. మీ అబ్బాయి ఇప్పటిదాకా గదిలో ఒంటరిగా వాయించాడు. డ్రమ్మర్‌తో, బేస్ గిటారిస్టుతో కూర్చోకుండా ఇది తనకు వృత్తి అవుతుందో లేదో వాడికే తెలియదు, మీకెలా తెలుస్తుంది, నాకెలా తెలుస్తుంది?

ఇప్పుడు మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మ్యాథ్స్ పోయిందంటే గిటార్ వల్లే అని మీకెవరు చెప్పారు? మొదటి రెండేళ్లలో గిటార్ ముట్టని పిల్లలకు కూడా మ్యాథ్స్ పోతోంది. పాఠం అర్థం కాలేదా, క్లాసుకు వెళ్లలేదా, కోర్సే ఇష్టం లేదా అని కూర్చోబెట్టి అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, తాళం మాత్రం ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడు రోజూ రెండు గంటలు ఒక కష్టమైన పనిని ఎవరూ చెప్పకుండా చేస్తున్నాడంటే అది గుణం. ఆ గుణం లేని పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరకొచ్చి కన్నీళ్లు పెట్టుకుంటారు. బీటెక్ మానేస్తానన్న మాట కూడా గిటార్ లాక్కున్నాకే వచ్చింది, గమనించారా?

మీరడిగిన పోలికకు నా జవాబు చిన్నది: ప్రస్తుతానికి రెండూ వద్దు. బీటెక్ పూర్తి చేయనివ్వండి. సప్లిమెంటరీ అయ్యేదాకా సాధన రోజుకు గంట అని ఇద్దరూ కూర్చుని ఒప్పుకోండి, ఆ గంట జోలికి మీరు రావద్దు. కాలేజీలో బ్యాండ్ ఉంటే చేరమనండి, లేకపోతే ఊళ్లో చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో డ్రమ్స్ వాయించే కుర్రాళ్లు దొరుకుతారు. ట్రినిటీ, రాక్‌స్కూల్ అనే సంస్థలు పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షలు చదువుతూనే రాసుకోవచ్చు, ఎనిమిదో గ్రేడ్ దాకా వెళితే పాఠాలు చెప్పుకోవడానికి పనికొస్తుంది. హైదరాబాద్‌లో పెళ్లి సంగీత్‌లు, కార్పొరేట్ ఈవెంట్లు, కేఫ్‌లలో వారాంతపు బ్యాండ్‌లకు పని ఉంది. ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు. చాలామంది పాఠాలు చెబుతూనో, వేరే ఉద్యోగం చేస్తూనో వాయిస్తారు. అలా బతకడంలో తక్కువేమీ లేదు.

డిప్లొమా అడ్వాన్సు మాత్రం ఇప్పుడు కట్టకండి. మళ్లీ ఫోన్ వస్తే, రెండేళ్ల కిందట అక్కడ చదివి ఇప్పుడు వాయించుకుని బతుకుతున్న ఇద్దరు గిటారిస్టులతో మాట్లాడించమనండి. ‘ఆఫర్ ఈ వారమే’ అని తొందరపెడితే ఫోన్ పెట్టేయండి. మాట్లాడిస్తే, ఫోన్ మీ అబ్బాయికిచ్చి ప్రశ్నలు వాడినే అడగనివ్వండి.